టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో పాత్రల మార్పు: ఔచిత్య పరిశీలన

వ్యాససంగ్రహం

కొందరు వ్యక్తులు బల్ల చుట్టూ కూర్చుని, పాచికల సాయంతో, కేవలం మాటలతో ఒక కథను నడిపించే క్రీడ టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్. ఇందులో ఆటనిర్వాహకుడు తప్ప తక్కినవారందరూ తలా ఒక పాత్రను ధరిస్తారు. నెలలు, సంవత్సరాలు సాగే ఈ ఆటలో తరచుగా పాత్రను మార్చుకొనే ఆటగాణ్ణి నిలకడలేనివాడిగా భావించడం పరిపాటి. ఈ అభిప్రాయంలోని సమంజసత్వాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం. ఇందుకోసం 1974 నుంచి వెలువడిన కొన్ని ముఖ్యమైన ఆటల నియమగ్రంథాలను, 'క్రిటికల్ రోల్' అనే ప్రసార క్రీడలోని రెండు సందర్భాలను ఆధారం చేసుకోవడం జరిగింది. పాత్రను మార్చడం దానంతటది దోషం కాదనీ, ఆ పాత్ర చుట్టూ ఏర్పడిన సంబంధాలను తెగ్గొట్టి వదిలేయడమే అనౌచిత్యమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రోల్‌ప్లేయింగ్, పాత్ర, భూమిక, ఔచిత్యం, నియమగ్రంథం, డంజన్స్ అండ్ డ్రాగన్స్, క్రిటికల్ రోల్, సామూహిక కథనం.

1. ఉపోద్ఘాతం

సాహిత్యవిమర్శలో 'పాత్ర' అన్న మాటను మనం ఒక రచయిత ఉన్నాడన్న నమ్మకంతో వాడుతున్నాం. పాత్రపోషణ, పాత్రచిత్రణ, పాత్రౌచిత్యం అనే మాటలన్నిటి వెనుకా ఆ పాత్రను ఆద్యంతం తెలిసిన ఒక కర్త ఉంటాడు. రంగస్థలం మీద నటుడు చేరినా ఈ స్థితి మారదు. నాటకకర్త రాసిన పాత్రను నటుడు ధరిస్తాడు. రోల్‌ప్లేయింగ్ ఆటలో మాత్రం ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. ఆటగాడే తన పాత్రకు కర్త, నటుడు, మొదటి ప్రేక్షకుడు కూడా. రేపు ఆ పాత్రకు ఏం జరుగుతుందో అతనికీ తెలియదు, ఆటనిర్వాహకుడికీ తెలియదు. పాచికలు ఎటు పడతాయో ఎవరికీ తెలియదు.

ఇటువంటి కళారూపంలో ఒక ఆటగాడు మూడు వారాలకొకసారి పాత్రను మార్చుకొంటూ పోతే ఏమవుతుంది? మొదటి పాత్రకు శత్రువుగా నిర్వాహకుడు కల్పించిన ప్రభువు కథలో ఎవరికీ పట్టనివాడవుతాడు. ఆ పాత్రకు చెల్లెలిగా ఆడుతున్న తోటి ఆటగాడి పాత్ర అన్నలేనిదవుతుంది. 'పూటకో వేషం' అన్న మన నిందావాక్యం అప్పుడు ఆ ఆటగాడిపై సులభంగా పడుతుంది. అయితే ఆ నింద ఒక నైతిక తీర్పు మాత్రమే. విమర్శ అక్కడితో ఆగరాదు. ఈ మార్పుకు ఆటగాడి స్వభావం ఎంత కారణం, ఆట రూపం ఎంత కారణం, ఏ మార్పు కథను పోషిస్తుంది, ఏది చెరుపుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం వెదకాలి.

2. పూర్వరంగం: పావు నుంచి పాత్రకు

ఈ ఆటలకు మూలం యుద్ధక్రీడలు. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో డేవిడ్ వెస్లీ 1969 ప్రాంతంలో నడిపిన 'బ్రౌన్‌స్టైన్' ఆటలో ఆటగాళ్ళు సైన్యాలకు బదులు ఒక పట్టణంలోని వ్యక్తులుగా ఆడారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ 1971 ప్రాంతంలో 'బ్లాక్‌మూర్' అనే కల్పితలోకాన్ని నిర్మించాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవాకు చెందిన గ్యారీ గైగాక్స్, ఆర్నెసన్‌తో కలిసి 1974లో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను ప్రచురించాడు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలుగా అది వెలువడింది.

ఆ తొలి రూపంలో పాత్ర అంటే ఆరు సంఖ్యలు. బలం, బుద్ధి మొదలైన ఆరు గుణాలకు మూడేసి పాచికలు వేయగా వచ్చిన మొత్తాలు, ఒక వృత్తి, కొంత బంగారం. అంతే. పాత్రను తయారుచేయడానికి కొన్ని నిమిషాలు చాలు. చావు కూడా అంతే తొందరగా వచ్చేది. చనిపోయిన పాత్ర స్థానంలో కొత్తది మళ్ళీ మొదటి స్థాయి నుంచి ఎదగాలి. అందువల్ల ఆనాటి ఆటలో పాత్రను పుట్టించడం చవక, పెంచడం ఖరీదు. ఎదిగిన పాత్రను వదులుకోవడానికి ఆటగాడు వెనుకాడడం దాని మీది మమకారంతోనే కాదు, పెట్టిన కాలం వృథా అవుతుందన్న లెక్కతో కూడా.

తరువాతి దశాబ్దాల్లో ఈ లెక్క తిరగబడింది. 2014లో వచ్చిన అయిదవ కూర్పు నాటికి పాత్రకు పూర్వవృత్తాంతం, ఆదర్శం, అనుబంధం, లోపం నియమగ్రంథంలోనే చేరాయి. అందులోని ప్రధాన గ్రంథమే 12 వృత్తులను ఆటగాడి ముందుంచింది. మరోవైపు, కొత్త పాత్రను మొదటి స్థాయికి బదులు బృందం ఉన్న స్థాయిలోనే ప్రవేశపెట్టడం చాలా బల్లల వద్ద అలవాటయింది. అంటే పాత్రను పుట్టించడం శ్రమతో కూడిన సృజన అయింది, మార్చుకోవడం మాత్రం నష్టం లేని పని అయింది. నేటి ఆటగాళ్ళు పూర్వులకన్నా చపలచిత్తులని అనుకొనేముందు ఆట నిర్మాణంలో వచ్చిన ఈ మార్పును గమనించాలి.

3. మార్పులోని రకాలు

సామాజిక శాస్త్రవేత్త గ్యారీ అలన్ ఫైన్ ఈ ఆటల మీద తొలి విస్తృత క్షేత్రపరిశోధన చేసి 1983లో 'షేర్డ్ ఫాంటసీ' గ్రంథాన్ని ప్రచురించాడు. గాఫ్‌మన్ సూత్రాలను అనుసరించి ఆయన బల్ల వద్ద కూర్చున్నవారు ఏకకాలంలో మూడు చట్రాల్లో ఉంటారని చూపాడు. వ్యక్తి, ఆటగాడు, పాత్ర అనేవి ఆ మూడు. ఈ విభజన మన పరిశీలనకు ఉపకరిస్తుంది. మార్పుకు కారణం ఈ మూడు చట్రాల్లో ఏదైనా కావచ్చు.

వ్యక్తి స్థాయిలో కారణం పుట్టినప్పుడు పాత్రమార్పు ఒక రక్షణోపాయం. పాత్ర అనుభవించే దుఃఖం, అవమానం ఆడేవారి మనసులోకి ఒలకడాన్ని నార్డిక్ లార్ప్ వర్గాల్లో 'బ్లీడ్' అంటారు. స్వంత జీవితంలోని గాయాన్ని పాత్ర పదేపదే తాకుతున్నప్పుడు దాన్ని విడిచిపెట్టడం పలాయనం కాదు. ఆటగాడి స్థాయిలో కారణం కుతూహలం. కొత్త వృత్తి, కొత్త మంత్రం, కొత్త ఆయుధం ఎలా పనిచేస్తాయో చూడాలన్న కోరిక అది. బృందంలో ఇద్దరు ఒకే పని చేసే పాత్రలను తెచ్చుకొని, అందులో ఒకరికి చేయడానికేమీ మిగలకపోవడం కూడా ఈ స్థాయిలోనిదే. పాత్ర స్థాయిలో కారణం ఆ పాత్ర కథ పూర్తికావడం. పగతీర్చుకోవడానికి బయలుదేరినవాడు పగ తీర్చుకొన్నాక అడవుల వెంట తిరగడానికి వేరే హేతువు కావాలి. అది దొరకనప్పుడు అతణ్ణి ఇంటికి పంపడమే ఉచితం.

ఇక్కడ మరొక సూక్ష్మ భేదాన్ని గుర్తించాలి. 'క్యారెక్టర్ షీట్' అనే పాత్రపత్రం వేరు, పాత్ర వేరు. ఆటనిర్వహణపై 2002లో గ్రంథం వెలువరించిన రాబిన్ లాస్ ఆటగాళ్ళను వర్గీకరిస్తూ, ఎప్పుడూ ఒకే తరహా పాత్రను ఎన్నుకొనేవారిని 'స్పెషలిస్ట్' అన్నాడు. ఇటువంటివారు పదిసార్లు పత్రం మార్చినా పాత్ర మారదు. పేరు మారుతుంది, కత్తి మారుతుంది, మాటతీరూ లోకాన్ని చూసే చూపూ అవే ఉంటాయి. దీనికి విరుద్ధంగా, ఒకే పత్రాన్ని ఏళ్ళ తరబడి అట్టిపెట్టుకొన్న ఆటగాడు ఈ వారం దయామయుడిగా, వచ్చే వారం క్రూరుడిగా, హేతువేమీ లేకుండా ప్రవర్తించవచ్చు. అరిస్టాటిల్ కోరిన ఏకరూపత అక్కడ లేదు. నిలకడలేని స్వభావాన్ని చిత్రించినా ఆ నిలకడలేమిలో ఒక నిలకడ ఉండాలని ఆయన చెప్పిన షరతు కూడా నెరవేరదు. బల్ల వద్ద మొదటివాణ్ణి 'తరచు మార్చేవాడు' అంటారు. రెండోవాణ్ణి ఎవరూ ఏమీ అనరు. కథకు ఎక్కువ చెరుపు చేసేది రెండోవాడే.

4. నియమగ్రంథాల్లోని పాత్రభావన

ప్రతి నియమగ్రంథంలోనూ పాత్రను గురించిన ఒక సిద్ధాంతం అంతర్లీనంగా ఉంటుంది. 1977 నాటి 'ట్రావెలర్'లో పాత్ర నాలుగేళ్ళ చొప్పున ఉద్యోగకాలాలు గడిపి ఆటలోకి వస్తుంది. మొదటి కూర్పు నియమాల ప్రకారం ఆ సర్వీసులోనే, అంటే ఆట ఆరంభం కాకమునుపే, పాత్ర మరణించవచ్చు. 1984లో వచ్చిన 'పారనోయా' ప్రతి పాత్రకూ ఆరు ప్రతిరూపాలను ఇచ్చి, మరణాన్నే హాస్యవస్తువుగా మార్చింది. 1991 నాటి 'డార్క్ సన్' ఒక్కొక్క ఆటగాడికి నాలుగు పాత్రలను సిద్ధంగా ఉంచుకొమ్మంది. 2012 నాటి 'డంజన్ క్రాల్ క్లాసిక్స్'లో ఆటగాడు కొందరు సామాన్యులను ఒకేసారి తెచ్చి, ఆపద నుంచి బతికి బయటపడినవాణ్ణి నాయకుణ్ణి చేసుకొంటాడు. ఈ ఆటల్లో పాత్రను మార్చడం దోషమన్న ప్రశ్నే తలెత్తదు.

ఈ విషయంలో మూడు గ్రంథాలు విశేష పరిశీలనకు అర్హమైనవి.

మొదటిది గ్రెగ్ స్టాఫర్డ్ రచించిన 'పెండ్రాగన్' (1985). ఆర్థరు రాజు గాథల నేపథ్యంలో సాగే ఈ ఆటలో కథాకాలం ఏడాదికేడాదిగా దొర్లుతుంది. ప్రతి శీతకాలంలోనూ వీరుడి ఇంటి సంగతులు తేలతాయి. అతనికి పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, వయసు మీదపడుతుంది. అతడు మరణిస్తే ఆటగాడు అతని వారసుణ్ణి ధరిస్తాడు. తండ్రి కీర్తిలో కొంత కొడుకుకు సంక్రమిస్తుంది, తండ్రి పగలూ వెంటవస్తాయి. ఇక్కడ ఆటగాడి అసలు పాత్ర ఒక వ్యక్తి కాదు, వంశం. వంశవర్ణనాత్మకమైన కావ్యాల్లో రాజులు మారుతున్నా కావ్యనాయకత్వం వంశానికే చెందినట్లుగా, ఇందులో పాత్ర మారడమే కథ సాగడం.

రెండవది 'ఆర్స్ మాజికా' (1987). జొనాథన్ ట్వీట్, మార్క్ రైన్-హాగన్ రూపొందించిన ఈ ఆటలో ప్రతి ఆటగాడికీ ఒక మాంత్రికుడు, ఒక సహచరుడు ఉంటారు. కోటలోని భటులు అందరికీ ఉమ్మడి. ఒక వారం మాంత్రికుణ్ణి ఆడినవారు మరొక వారం భటుణ్ణి ఆడవచ్చు. నిర్వాహకత్వం కూడా చేతులు మారవచ్చు. మాంత్రికులందరూ కలిసి నివసించే స్థావరం కథకు కేంద్రంగా స్థిరంగా నిలుస్తుంది.

మూడవది జాన్ హార్పర్ రూపొందించిన 'బ్లేడ్స్ ఇన్ ది డార్క్' (2017). ఒక దొంగలముఠా కథ ఇది. ఒత్తిడి హద్దు దాటినప్పుడల్లా పాత్రకు ఒక మానసిక గాయం మిగులుతుంది. నాలుగు గాయాలైతే ఆ పాత్ర ఆ బతుకునుంచి తప్పుకోవలసిందే. తప్పుకొన్నాక ఎలా బతుకుతుందన్నది అది దాచుకొన్న సొమ్మును బట్టి తేలుతుంది. ముఠాకు మాత్రం ప్రత్యేకంగా ఒక పత్రం ఉంటుంది. సభ్యులు పోతారు, వస్తారు, ముఠా నిలుస్తుంది.

ఈ మూడింటిలోనూ కనిపించే సామాన్యధర్మం ఒకటుంది. వంశం, స్థావరం, ముఠా అనే రూపాల్లో వ్యక్తికన్నా పెద్దదైన ఒక ఆధారాన్ని ఇవి కల్పించాయి. ఆ ఆధారం ఉన్నచోట పాత్ర మారినా కథ తెగదు. అది లేని ఆటల్లో కథాభారం మొత్తం వ్యక్తుల మీద పడుతుంది. అక్కడ పాత్రమార్పు ఒక స్తంభాన్ని లాగివేయడంతో సమానం. కాబట్టి తరచు మార్పు వల్ల కలిగే చెరుపులో కొంతభాగం ఆటగాడిది, కొంతభాగం ఆ ఆటను ఎంచుకొన్న బృందానిది.

5. ప్రసారక్రీడ నుంచి రెండు సందర్భాలు

అమెరికాలో గాత్రనటులు కొందరు 2015 మార్చి నుంచి తమ ఆటను 'క్రిటికల్ రోల్' పేరుతో అంతర్జాలంలో ప్రసారం చేస్తున్నారు. ఇక్కడ పరిశీలించే రెండు కాంపెయిన్‌లకూ నిర్వాహకుడిగా వ్యవహరించినవాడు మాథ్యూ మెర్సర్. మొదటి కాంపెయిన్‌లో శామ్ రీగెల్ ధరించిన స్కాన్లన్ అనే గాయకపాత్ర బృందానికి హాస్యం పంచే వ్యక్తి. 2017లో ప్రసారమైన 85వ భాగంలో, మరణించి మళ్ళీ బతికిన స్కాన్లన్ తన సహచరులను నిలదీస్తాడు. ఇన్నేళ్ళ సావాసంలో తనను ఎవరూ తెలుసుకోలేదని, తన తల్లి పేరైనా ఎవరికీ తెలియదని అంటాడు. ఎవరూ బదులు చెప్పలేకపోతారు. అతడు కూతురితో కలిసి వెళ్ళిపోతాడు. రీగెల్ ఆ తరువాత టారియన్ డారింగ్‌టన్ అనే కొత్త పాత్రతో బల్లకు వచ్చాడు.

పాత్రను మార్చదలచిన ఆటగాడు సాధారణంగా ఒక సాకు వెదుకుతాడు. దూరపు చుట్టం చనిపోయాడనో, వేరే ఊళ్ళో పని పడిందనో చెప్పి పాత్రను పంపించివేస్తాడు. ఇక్కడ నిష్క్రమణ సాకు కాలేదు. అంతవరకు జరిగిన ఆటను వెనక్కు తిరిగి చదివించే వ్యాఖ్యానమైంది. నవ్వుల కింద నిర్లక్ష్యానికి గురైన వ్యక్తి ఉన్నాడని అప్పుడు తెలిసింది. ఎదుటివారి పాత్రలకు అపరాధభావన మిగిలింది, దానితో వారు చేయవలసిన పని కూడా మిగిలింది. కొత్త పాత్ర ఎంపిక కూడా యాదృచ్ఛికం కాదు. టారియన్ సంపన్నుల బిడ్డ, వీరుడు కావాలని ఉబలాటపడేవాడు. తన సాహసాలను తన యంత్రసేవకుడి చేత రాయించుకొంటాడు. తన కథ ఎవరికీ పట్టలేదని వెళ్ళిపోయినవాడి చోటికి, తన కథను తానే గ్రంథస్థం చేయించుకొనేవాడు వచ్చాడు. ఒకే లోటుకు ఇవి రెండు ముఖాలు. కొంతకాలం తరువాత స్కాన్లన్ తిరిగివచ్చినప్పుడు టారియన్ కూడా తన కథను ముగించుకొనే వెళ్ళాడు.

రెండవ కాంపెయిన్‌లో 2018లో టాలీసిన్ జాఫీ ధరించిన మాలీమాక్ పాత్ర పోరులో మరణించింది. ఇది ఆటగాడు ఎంచుకొన్న మార్పు కాదు, పాచికలు తెచ్చిన మార్పు. ఆయన తరువాత ధరించిన కడూసియస్ క్లే శ్మశానవాటికను సంరక్షించే కుటుంబానికి చెందినవాడు. మిత్రుణ్ణి పాతిపెట్టిన బృందం వద్దకు, మరణాన్ని సహజంగా భావించే వ్యక్తిని తీసుకురావడం వల్ల ఆ దుఃఖానికి మాట దొరికింది. పాత పాత్ర మిగిల్చిన ఖాళీని చూసి కొత్త పాత్రను కట్టడమంటే ఇదే.

వీరు వృత్తినటులు, వీరి ఆటకు వేలాది ప్రేక్షకులున్నారు. ఇంట్లో నలుగురు మిత్రులు ఆడుకొనే ఆటకు ఇంతటి నిర్వహణ అక్కరలేదు. అయినా ఈ సందర్భాల్లోని సూత్రం ఏ బల్లకైనా వర్తిస్తుంది.

6. పాత్ర ఎవరిది?

నాట్యశాస్త్రంలో భూమికల పంపకాన్ని చర్చించిన సందర్భంలో భరతుడు, జీవుడు ఒక దేహస్వభావాన్ని విడిచి మరొక దేహాన్ని ఆశ్రయించినట్లు నటుడు పరభావాన్ని పొందుతాడని పోల్చాడు. నటుడు మారినా పాత్ర నిలవడానికి ఆధారం నాటకపాఠం. తెలుగు పద్యనాటకరంగంలో ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అంటూ వేర్వేరు నటులు ఒకే పాత్రను ధరించడం మనకు పరిచితమే. ప్రేక్షకులకు కృష్ణుడు మారాడన్న భావన కలగదు. పద్యం, కథ అతణ్ణి నిలబెడతాయి. రోల్‌ప్లేయింగ్ ఆటలో దీనికి పూర్తి విలోమం జరుగుతుంది. నటుడు అదే కుర్చీలో ఉంటాడు, పాత్ర మారుతుంది. నిలబెట్టడానికి ముందే రాసిన పాఠం ఏదీ ఉండదు. తోటివారి జ్ఞాపకమే అక్కడ పాఠం.

ఈ కారణం చేత పాత్ర మీద యాజమాన్యం రెండు భాగాలవుతుంది. పత్రం ఆటగాడిది. ఆ పాత్ర తక్కినవారితో పెంచుకొన్న స్నేహం, ఇచ్చిన మాట, పడిన బాకీ, చేసిన పగ మాత్రం బల్ల చుట్టూ ఉన్న అందరిదీ. ఆట స్వచ్ఛందమైనది కనుక పాత్రను విడిచే హక్కు ఆటగాడికి నిస్సందేహంగా ఉంది. ఇష్టం లేని పాత్రను బలవంతంగా మోయించడం ఆట అనిపించుకోదు. ఆ హక్కుకు తోడుగా ఉమ్మడి ఆస్తిని లెక్క అప్పగించే బాధ్యత కూడా ఉంది.

మన పగటివేషగాళ్ళ సంప్రదాయం ఇక్కడ స్ఫురణకు వస్తుంది. వారు ఒక ఊళ్ళో మకాం వేసి రోజుకొక వేషం కడతారు. చివరకు ఊరివారి నుంచి సంభావన స్వీకరించి సెలవు తీసుకొంటారు. వేషాలెన్ని మారినా మేళం ఒకటే, ఊరితో వారికున్న ఒప్పందం ఒకటే. 'పూటకో వేషం' అన్న మాటను నిందగా వాడుతున్నాం గాని, ఆ వేషగాళ్ళ విషయంలో అది క్రమశిక్షణగల కళ.

ఔచిత్యమే కావ్యానికి జీవితమని 11వ శతాబ్దంలో క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. ఆ దృష్టితో పాత్రమార్పుకు మూడు ప్రమాణాలను సూచించవచ్చు. నిష్క్రమణౌచిత్యం మొదటిది: వెళ్ళే పాత్ర ఎందుకు వెళుతున్నదో ఆ పాత్ర స్వభావం నుంచే తెలియాలి. ప్రవేశౌచిత్యం రెండవది: వచ్చే పాత్రకు ఈ బృందంతో కలవడానికి, దానితో ఉండడానికి ఒక కారణం కావాలి. శేషౌచిత్యం మూడవది: పాత పాత్ర మిగిల్చిన సంబంధాలకు ఎవరో ఒకరు, ఏదో ఒక రూపంలో, వారసులు కావాలి. ఈ మూడూ పాటించిన ఆటగాడు ఏడాదికి అయిదు పాత్రలు మార్చినా కథకు ఉపకారమే చేస్తాడు. వీటిలో ఏదీ పాటించకుండా ఒక్కసారి మార్చినా ఆ బల్ల మీద కథ కుంటుతుంది. వ్యక్తిగత వేదన వల్ల పాత్రను విడవవలసివచ్చిన వ్యక్తిని మాత్రం ఈ ప్రమాణాలతో కొలవరాదు. అటువంటప్పుడు లెక్క అప్పగించుకొనే పని తక్కినవారు తమ భుజాల మీదికి తీసుకోవాలి.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి:

• తరచు పాత్రను మార్చడాన్ని కేవలం ఆటగాడి చాపల్యంగా వివరించడం అసమగ్రం. మార్చడం సులభమా, కష్టమా అన్నది నియమాల నిర్మాణం నిర్ణయిస్తుంది.

• పాత్రపత్రం మారడం, పాత్ర మారడం వేర్వేరు విషయాలు. పత్రం మారకుండానే పాత్ర హేతురహితంగా మారిపోవడం కథకు ఎక్కువ హాని చేస్తుంది.

• వంశం, స్థావరం, ముఠా వంటి సామూహిక ఆధారం ఉన్న ఆటల్లో పాత్రమార్పు కథాగమనంలో భాగమవుతుంది. తరచు మార్చే ఆటగాడున్న బృందం ఇటువంటి ఆటను ఎంచుకోవడం ప్రయోజనకరం.

• పత్రం ఆటగాడి స్వంతం, సంబంధాలు బల్ల ఉమ్మడి. మార్పులోని ఔచిత్యాన్ని నిష్క్రమణ, ప్రవేశం, శేషం అనే మూడు ప్రమాణాలతో నిర్ణయించవచ్చు.

కర్త ఒక్కడే అన్న ఊహ మీద నిలిచిన మన పాత్రవిమర్శకు, నలుగురు కూర్చుని అప్పటికప్పుడు అల్లుకొనే ఇటువంటి కథలు కొత్త పరీక్ష. వాటిని పరిశీలించడానికి కావలసిన పరిభాష మన అలంకారశాస్త్రంలోనూ, మన ప్రదర్శనకళల్లోనూ చాలావరకు సిద్ధంగానే ఉంది. దాన్ని ఈ దిశగా వినియోగించుకోవడం నేటి పరిశోధకుల పని.